సర్వజన ఆసుపత్రా, ఆరోగ్యశ్రీ కార్డా, ప్రైవేటు పాలసీనా? అనంతపురం వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ కౌంటర్ దగ్గర తొమ్మిదేళ్లు పనిచేశాను. ఆ ఉద్యోగం మానేసి చాన్నాళ్లయినా పాలసీ కాగితాలు, డిశ్చార్జ్ సమ్మరీలు చేతిలో పట్టుకుని ఇంటికొచ్చేవాళ్లు మాత్రం ఆగలేదు. ముందు తమ క్లెయిమ్ గురించి అడుగుతారు. కాగితాలన్నీ చూశాక, టీ తాగుతూ, ఇంకో ప్రశ్న వేస్తారు: "అక్కా, ఇదంతా ప్రభుత్వమే చూసుకోవాలా, ఎవరి పాలసీ వాళ్లు కొనుక్కోవాలా?" చిన్న ప్రశ్నలకూ ఆ పెద్ద ప్రశ్నకూ నాకు తెలిసినంతలో జవాబులు రాశాను. నా అభిప్రాయం దాచుకోలేదు.

అసలు చర్చ దేని గురించి? అన్నీ ఆసుపత్రి ఖర్చులే కదా?

డబ్బు ఎవరు కడతారన్నది ఒక ప్రశ్న. వైద్యం ఎవరు చేస్తారన్నది ఇంకో ప్రశ్న. రెండిటినీ కలిపేసి మాట్లాడతాం కాబట్టే సగం వాదనలు తెగవు.

సర్వజన ఆసుపత్రిలో, అంటే ప్రభుత్వ పెద్దాసుపత్రిలో, భవనం ప్రభుత్వానిది, డాక్టరు జీతం ప్రభుత్వానిది, మందులు ప్రభుత్వానివి. డబ్బు మన పన్నుల్లోంచి వస్తుంది. బ్రిటన్‌లో 1948 జూలై 5న మొదలైన జాతీయ ఆరోగ్య సేవది ఈ పద్ధతే. ఆరోగ్యశ్రీలో డబ్బు ప్రభుత్వమే కడుతుంది కానీ వైద్యం ప్రైవేటు ఆసుపత్రిలో కూడా జరగొచ్చు. మూడోది, ఏటా మన జేబులోంచి ప్రీమియం కట్టి కంపెనీ దగ్గర పాలసీ తీసుకోవడం, లేదా పనిచేసే చోట యజమాని తీసివ్వడం. అమెరికాలో ఉద్యోగాలు చేసేవాళ్లలో ఎక్కువమంది దీనిమీదే బతుకుతారు. అక్కడ కూడా ముసలివాళ్లకూ పేదలకూ కంపెనీలు సరిపోక, 1965లో మెడికేర్, మెడిక్‌ఎయిడ్ అని ప్రభుత్వమే రెండు పథకాలు పెట్టాల్సి వచ్చింది.

మన దగ్గర ఒకే ఇంట్లో మూడూ ఉంటాయి. అవ్వకు షుగరు మాత్రలు పీహెచ్‌సీ నుంచి వస్తాయి. నాన్నకు గుండె ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో అవుతుంది. బెంగళూరులో పనిచేసే కొడుక్కి కంపెనీ గ్రూపు పాలసీ ఉంటుంది.

ఆరోగ్యశ్రీ కూడా ఇన్సూరెన్సే అంటారు. నిజమేనా?

మొదలైంది అలాగే. 2007 ఏప్రిల్ 1న, వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, ముందు మూడు జిల్లాల్లోనే పెట్టి చూశారు. అవి అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం. అంటే ఈ పథకం రాష్ట్రంలో మొట్టమొదట అడుగుపెట్టిన చోట్లలో మన జిల్లా ఒకటి. అప్పట్లో కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అది దాటితే ఇంకో 50 వేల వరకు. ప్రభుత్వం ఇన్సూరెన్స్ కంపెనీకి ప్రీమియం కట్టేది, కంపెనీ ఆసుపత్రికి కట్టేది. 2008 నుంచి ఆరోగ్యశ్రీ ట్రస్టు కంపెనీతో పనిలేకుండా నేరుగా ఆసుపత్రులకు కట్టడం మొదలుపెట్టింది. పోనుపోను వ్యవహారమంతా ట్రస్టు చేతికే వచ్చింది.

ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారింది. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. జనం నోట మాత్రం ఆరోగ్యశ్రీగానే ఉంది, నేనూ అలాగే రాస్తున్నాను. పరిమితి 2023 డిసెంబరులో 25 లక్షలకు పెరిగింది. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఇంకో మార్పుకు ఆమోదం తెలిపింది. దాని ప్రకారం రెండున్నర లక్షల వరకు ఇన్సూరెన్స్ కంపెనీ, ఆపైన 25 లక్షల దాకా ట్రస్టు. పద్దెనిమిదేళ్ల కింద ఎక్కడ మొదలైందో కొంతవరకు అక్కడికే తిరిగొచ్చింది. కాబట్టి ఇది ఎక్కడో లండన్‌లోనో వాషింగ్టన్‌లోనో జరిగే చర్చ కాదు, మన బియ్యం కార్డు చుట్టూ జరుగుతున్నదే.

ట్రస్టు నడిపితే మేలా, ఇన్సూరెన్స్ కంపెనీ నడిపితే మేలా?

ట్రస్టుకు లాభం అక్కర్లేదు. ఒక ఆపరేషన్‌కు అనుమతి ఇవ్వకపోతే దాని జేబులో మిగిలేదేమీ లేదు. కంపెనీకి అలా కాదు. కట్టని ప్రతి రూపాయీ దానికి మిగులే. కౌంటర్లో కూర్చున్నప్పుడు ఈ తేడా రోజూ తెలిసేది. ఆరోగ్యశ్రీ కేసులో ట్రస్టు డాక్టరు అడిగేవి రోగానికి సంబంధించిన ప్రశ్నలు: యాంజియోగ్రామ్ సీడీ పంపండి, ఎకో రిపోర్టు పంపండి అని. కంపెనీ అడిగేవి చాలావరకు పాత చరిత్ర గురించి: షుగరు ఎప్పటినుంచి, మొదటిసారి ఏ డాక్టరుకు చూపించారు, ఆ చీటీ ఏది అని.

ట్రస్టుకున్న జబ్బు వేరే. డబ్బు ఖజానా నుంచి రావాలి, అది ఆలస్యమవుతుంది. బకాయిలు పేరుకుపోయాయని నెట్‌వర్క్ ఆసుపత్రులు, అంటే ట్రస్టుతో ఒప్పందమున్నవి, సేవలు ఆపేయడం 2024లోనూ చూశాం, 2025లోనూ చూశాం. అలాంటి రోజుల్లో మోకాలి ఆపరేషన్‌కు తేదీ ఇచ్చి పిలిపించుకున్న మనిషిని, "సర్కారు డబ్బులు రాలేదు, తర్వాత రండి" అని గేటు దగ్గరే తిప్పి పంపేస్తారు. కంపెనీ మధ్యలో ఉంటే బిల్లులు త్వరగా వస్తాయని వాదించేవాళ్లు ఈ మాటే చెబుతారు. అది కొట్టిపారేయాల్సిన వాదన కాదు. కానీ ప్రీమియం కట్టేది కూడా అదే ఖజానా. ఆసుపత్రికి సమయానికి కట్టలేని ప్రభుత్వం కంపెనీకి మాత్రం సమయానికి కడుతుందని ఎలా నమ్మాలి? నా ఓటు ట్రస్టుకే. బకాయిలు ఇన్ని రోజుల్లో తీర్చాలని చట్టంలోనే రాయాలి.

ఆరోగ్యశ్రీ కార్డు ఉంది కదా, మళ్లీ ప్రైవేటు పాలసీ ఎందుకు?

మీది కూలి కుటుంబమో, వర్షాధారం మీద శనక్కాయ వేసే కుటుంబమో అయితే, అప్పు చేసి పాలసీ తీసుకోవద్దు. ఈ మాట ఏజెంట్లకు నచ్చదని తెలుసు. కార్డుతో గుండె, కిడ్నీ, క్యాన్సర్, ప్రమాదాల వంటి పెద్ద చికిత్సలు జరుగుతాయి. డయాలసిస్ జరుగుతుంది. నెట్‌వర్క్ ఆసుపత్రిలో కార్డు కింద చేర్చుకున్నాక మీ దగ్గర విడిగా డబ్బు అడగకూడదు.

నెలకింత అని జీతమో వ్యాపారమో ఉండి, ఏటా ప్రీమియం కట్టగలిగితే తీసుకోండి. ఎందుకంటే కార్డుకు కొన్ని హద్దులున్నాయి. జాబితాలో లేని చికిత్సకు అది పనిచేయదు. నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రిలో పనిచేయదు. మనవాళ్లకు పెద్ద జబ్బు వస్తే కాళ్లు బెంగళూరు వైపే లాగుతాయి, రెండొందల కిలోమీటర్లు దాటినా సరే. 2019 నవంబరు నుంచి బెంగళూరు, హైదరాబాద్, చెన్నైలలో కొన్ని ఆసుపత్రుల్లో కొన్ని పెద్ద చికిత్సలకు ఆరోగ్యశ్రీ వర్తింపజేశారు. కొన్ని అన్న మాట మరిచిపోవద్దు. కారెక్కే ముందే 104కు ఫోన్ చేసి, ఆసుపత్రి పేరు, జబ్బు పేరు చెప్పి కనుక్కోండి. కార్డు చెల్లని ఆసుపత్రిలో అడ్మిట్ అయ్యాక కార్డు తీస్తే ఎవరూ ఏమీ చేయలేరు.

ఇంకో సంగతి. మందుల షాపు ఖర్చు, ఓపీ ఫీజు, రక్తపరీక్షలు, అంటే ఇల్లు గుల్ల చేసే చిన్న చిన్న ఖర్చులు, ఇవి కార్డులోనూ రావు, మామూలు పాలసీల్లోనూ రావు. రెండూ అడ్మిషన్ కోసమే. ఆ ఖర్చు తగ్గాలంటే పీహెచ్‌సీలో మాత్రలుండాలి, అంతే.

పాలసీ తీసుకుని ఆరేళ్లు కట్టినవాళ్లక్కూడా క్లెయిమ్ కొట్టేస్తారా?

ఐదేళ్లు తెగకుండా కట్టి ఉంటే, పాత జబ్బు దాచారన్న సాకుతో కొట్టేయడానికి వీల్లేదు. మోసం చేశారని కంపెనీ రుజువు చేయగలిగితే తప్ప. ముందు ఎనిమిదేళ్లుండేది, 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐదేళ్లకు తగ్గించింది. ముందునుంచీ ఉన్న జబ్బులకు ఆగాల్సిన కాలం కూడా గరిష్ఠంగా నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గింది. ఇవి మంచి మార్పులు.

మొదటి మూడు నాలుగేళ్లలోనే ఎక్కువమంది దెబ్బ తింటారు. ఒకటి చెబుతాను. కళ్యాణదుర్గం వైపు నుంచి ఒకాయన గాల్‌బ్లాడర్ రాళ్ల ఆపరేషన్‌కు వచ్చాడు. పాలసీ తీసుకుని రెండున్నరేళ్లు. రాత్రి డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరు కేస్‌షీట్ రాస్తూ, "షుగరుందా పెద్దాయనా? ఎన్నాళ్లయింది?" అని అడిగాడు. ఆయన, "ఉంటుంది సార్, ఓ ఆరేళ్లయింటుంది" అన్నాడు. డాక్టరు అదే రాశాడు. ఆ ఒక్క వాక్యం డిశ్చార్జ్ సమ్మరీలోకి ఎక్కింది. పాలసీ తీసుకునేటప్పుడు నింపిన ప్రపోజల్ ఫారంలో షుగరు అన్నచోట "లేదు" అని టిక్కు ఉంది. టిక్కు పెట్టింది ఏజెంటు. కింద సంతకం మాత్రం ఈయనది. రాళ్లకూ షుగరుకూ సంబంధం లేదని నేను రెండు ఉత్తరాలు రాశాను. క్లెయిమ్ కొట్టేశారు, పాలసీ కూడా రద్దు చేశారు. ఆయన వాకిట్లోని ఆవును అమ్మి బిల్లు కట్టాడు. ఆ ఫారం నా టేబుల్ మీదే జిరాక్స్ తీశాను, సంతకం తెలుగులో పొందిగ్గా ఉంది, పైనున్న ప్రశ్నలన్నీ ఇంగ్లీషులో.

కాబట్టి ఏజెంటు ఎంత దగ్గరివాడైనా, మీ చుట్టమైనా, ఖాళీ ఫారం మీద సంతకం పెట్టకండి. షుగరు, బీపీ, థైరాయిడ్, పాత ఆపరేషన్లు, అన్నీ ఉన్నదున్నట్టు రాయించండి. ప్రీమియం కొంచెం పెరుగుతుంది. పెరగనివ్వండి. పాలసీ చేతికొచ్చాక 30 రోజుల్లోపు నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చు. ఆ 30 రోజుల్లో, ఇంగ్లీషు వచ్చిన పిల్లాడిని కూర్చోబెట్టి చదివించుకోండి.

పాలసీ ఉన్నా సగం బిల్లు మేమే కట్టాం. ఎందుకు?

ఎక్కువసార్లు గది అద్దె వల్ల. లెక్క చూపిస్తాను. మీది 3 లక్షల పాలసీ, గదికి రోజుకు ఒక శాతం, అంటే 3,000 అని షరతు. ఏసీ బాగుందని 6,000 గది తీసుకుని నాలుగు రోజులున్నారు. మొత్తం బిల్లు 1,60,000. అందులో గది 24,000, మందులు 40,000, డాక్టరు ఫీజు, థియేటర్, నర్సింగ్ అన్నీ కలిపి 96,000. గది అద్దెలో సగం, 12,000, మనం పెట్టుకుంటే సరిపోతుందనుకుంటాం. సరిపోదు. గది పరిమితికి రెండింతలుంటే డాక్టరు ఫీజు, థియేటర్ ఖర్చు కూడా సగానికి కోస్తారు. 48,000 అక్కడ పోయింది. మందులకు మాత్రం ఈ కోత పడదు. మొత్తం మీ జేబులోంచి 60,000.

అందుకే గది అద్దెకు పరిమితి లేని పాలసీ చూడండి. అంత ప్రీమియం భారమైతే, ఉన్న పరిమితిలోని గదే తీసుకోండి. అన్ని కంపెనీలూ ఒకే షరతులతో అమ్మాల్సిన ఆరోగ్య సంజీవని అనే పాలసీ 2020 నుంచి ఉంది. అందులో గదికి పాలసీ మొత్తంలో 2 శాతం, రోజుకు 5,000 మించకుండా ఇస్తారు. బిల్లులో 5 శాతం మనం భరించాలి. గొప్ప పాలసీ కాదు కానీ షరతులు అందరికీ ఒకటే కాబట్టి వేరే పాలసీని పోల్చి చూసుకోవడానికి బాగుంటుంది.

క్యాష్‌లెస్, అంటే బిల్లు కంపెనీయే నేరుగా కడుతుంది అన్నారు, సాయంత్రం దాకా డిశ్చార్జ్ చేయలేదు. ఇది మామూలేనా?

మామూలు కాకూడదు. 2024 నియమాల ప్రకారం అడ్మిషన్ అనుమతికి కంపెనీ గంటలోపు జవాబివ్వాలి. డిశ్చార్జ్ బిల్లుకు మూడు గంటల్లోపు. అంతకు మించితే, ఆ ఆలస్యానికి పడే అదనపు గది అద్దె కంపెనీయే భరించాలి. ఆసుపత్రి తుది బిల్లు ఎన్ని గంటలకు పంపిందో కౌంటర్లో అడిగి రాసుకోండి. చాలాసార్లు ఆలస్యం కంపెనీ దగ్గర కాదు, ఆసుపత్రి బిల్లింగ్‌లోనే.

క్లెయిమ్ కొట్టేశారు. లాయరును పెట్టుకోవాలా?

అక్కర్లేదు. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా ఇవ్వండి. ఏ షరతు కింద కొట్టేశారో రాసివ్వమని అడగండి. కంపెనీలోని క్లెయిమ్ సమీక్షా కమిటీ ఆమోదం లేకుండా ఇప్పుడు క్లెయిమ్ తిరస్కరించకూడదు, ఆ మాట మీ ఉత్తరంలో రాయండి. నియంత్రణ సంస్థ బీమా భరోసా పోర్టల్‌లోనూ, 155255 నంబరులోనూ ఫిర్యాదు చేయొచ్చు.

నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాదిలోపు హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు, అంటే బీమా తగాదాలు తీర్చే అధికారికి, రాయండి. ఖర్చు లేదు, లాయరు లేడు, 50 లక్షల దాకా తీర్పు ఇవ్వగలరు. కంపెనీ ఆ తీర్పుకు కట్టుబడాల్సిందే. ఇంత మంచి ఏర్పాటు ఉందని తెలియక ఎంతమంది ఊరుకుండిపోయారో నేను కళ్లారా చూశాను. నిజం చెప్పాలంటే, కొట్టేసిన ఉత్తరం అందుకున్న పదిమందిలో తిరిగి రాసినవాళ్లు నాకు ఒకరిద్దరు కూడా గుర్తులేరు.

సర్వజన ఆసుపత్రిలో బాగా చూస్తారా? ఉన్నమాట చెప్పండి.

ఉన్నమాటే చెబుతాను. పొద్దున ఎనిమిదికి వెళ్లినా ఓపీ చీటీకి లైను తప్పదు. డాక్టరు మూడు నిమిషాలకంటే ఎక్కువ చూడలేడు, ఎందుకంటే ఆయన గది ముందు ఇంకా వంద మంది ఉంటారు. ఒక మందు లేదని బయటి షాపుకు రాసిస్తారు. స్ట్రెచర్ తోసినందుకు చేయి చాపేవాళ్లున్నారు. కాన్పయిన ఆడబిడ్డ దగ్గర డబ్బు అడగడం చూశాను, అది చూసినప్పుడు పట్టలేనంత కోపం వచ్చింది.

అదే ఆసుపత్రిలో ఇంకొకటి చూశాను. మా చిన్నాయన శనక్కాయ పీకుతుంటే రక్తపింజర కరిచింది. సాయంత్రం ఆరు. ఊరినుంచి పీహెచ్‌సీకి బైకు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తెచ్చారు. అక్కడి నర్సు ఏ కార్డూ అడగలేదు. కాలికి కట్టిన తాడు చూసి కోప్పడింది. గాజు గొట్టంలో కొంచెం రక్తం తీసి, కిటికీ గట్టు మీద నిలబెట్టి, ఎవరూ ముట్టుకోవద్దంది. 20 నిమిషాల తర్వాత గొట్టం వంచింది. రక్తం నీళ్లలాగా జారింది. గడ్డకట్టలేదంటే విషం ఎక్కినట్టు. అక్కడే విరుగుడు మందు మొదలుపెట్టి, 108లో సర్వజన ఆసుపత్రికి పంపారు. ఒక్కో సీసా ఎక్కుతూ పోయింది. తెల్లవారుజామున అదే పరీక్ష మళ్లీ చేస్తే గొట్టం వంచినా రక్తం కదల్లేదు. పక్క మంచం మీద ఉన్న పిల్లాడి తల్లి కూడా లేచి వచ్చి ఆ గొట్టం చూసింది.

ఆ రాత్రి చిన్నాయన జేబులో 25 లక్షల పాలసీ ఉన్నా ఏం ఉపయోగం? ఆ ఊరి దగ్గర నర్సు ఉండటం, ఫ్రిజ్‌లో విరుగుడు మందు ఉండటం, ఇవే కావాలి. ఏ ఇన్సూరెన్స్ కంపెనీ పల్లెలో పీహెచ్‌సీ పెట్టదు. పాలసీ బిల్లు కడుతుంది, బిల్లు వేసే ఆసుపత్రి ఉన్నచోట మాత్రమే. నా వాదన అంతా ఈ ఒక్క మాట మీదే నిలబడింది.

మరి ప్రైవేటులో వైద్యం బాగుంది కదా? ప్రభుత్వం డబ్బు కడితే చాలు, నడపడం ఎందుకు?

ఇది బలమైన వాదన. ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరు రాకపోయినా అడిగేవాడు లేడు, ప్రైవేటులో రోగి వేరే చోటికి వెళ్లిపోతాడన్న భయమైనా ఉంటుంది. ఆరోగ్యశ్రీ వల్లే అంతకుముందు గడప తొక్కలేని ఆసుపత్రుల్లో పేదవాళ్లు గుండె ఆపరేషన్లు చేయించుకున్నారు. ఇది కాదనలేం. ప్రభుత్వమే అంతా నడిపే బ్రిటన్‌లో కూడా ఆపరేషన్‌కు నెలల తరబడి ఎదురుచూపులున్నాయి.

కానీ డబ్బు బయటనుంచి వస్తుందంటే ఆసుపత్రి మారిపోతుంది. నగదు కట్టేవాడికి ఒక రేటు, పాలసీ ఉన్నవాడికి ఇంకో రేటు ఉండటం నేను కౌంటర్లో చూసిందే. "ఇన్సూరెన్స్ ఉందా?" అన్న ప్రశ్న జ్వరం చూడకముందే వస్తుంది. ఆరోగ్యశ్రీ తొలి ఏళ్లలో అవసరం లేకున్నా గర్భసంచులు తీసేస్తున్నారన్న ఆరోపణలు వచ్చి, ప్రభుత్వం ఆ ఆపరేషన్లను ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. నలభై ఏళ్లు నిండని కూలి ఆడవాళ్లు ఎందరో ఆ కోత మోశారు. పక్కన ప్రభుత్వ ఆసుపత్రి గట్టిగా ఉంటేనే ప్రైవేటు ఆసుపత్రి అదుపులో ఉంటుంది. "అక్కడ అక్కర్లేదన్నారు" అని చెప్పగలిగే రోగికి ఎవరూ ఊరికే కత్తి పెట్టరు.

అందరికీ ఉచిత వైద్యానికి ప్రభుత్వం దగ్గర డబ్బెక్కడిది?

ఇప్పుడు ఆ డబ్బు ఎవరు పెడుతున్నారో చూడండి. దేశంలో ఆరోగ్యానికయ్యే మొత్తం ఖర్చులో జనం నేరుగా జేబులోంచి పెట్టేది 2013-14లో 64.2 శాతం. 2021-22కి 39.4 శాతానికి తగ్గింది. ప్రభుత్వం ఎక్కువ పెట్టేకొద్దీ మనది తగ్గుతోంది. 2017 జాతీయ ఆరోగ్య విధానంలో జీడీపీలో 2.5 శాతం ఆరోగ్యానికి ప్రభుత్వాలు ఖర్చుపెట్టాలని, 2025 నాటికి అక్కడికి చేరాలని రాసుకున్నారు. అంతకంటే మనం గొంతెమ్మ కోరికలేం కోరడం లేదు. థాయిలాండ్ మనకంటే ధనిక దేశమే కానీ అమెరికా అంత కాదు, వాళ్లు 2001-02లో 30 బాత్‌ల పథకంతో దేశం మొత్తానికీ వైద్యం అందించడం మొదలుపెట్టారు. అంతకు ముందు ఏళ్ల తరబడి పల్లెల్లో ఆసుపత్రులు కట్టుకున్నారు కాబట్టే అది నిలబడింది.

ఆదోని, పులివెందుల మెడికల్ కాలేజీలు పీపీపీకి ఇవ్వడం మంచిదేనా?

ఆ రెండూ సహా పది కాలేజీలను ప్రైవేటు భాగస్వామ్యంతో కట్టించాలని 2025లో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. త్వరగా పూర్తవుతాయని ప్రభుత్వం అంటోంది. నాకు నచ్చలేదు. ఆదోని మనిషి కర్నూలు పెద్దాసుపత్రికి, అక్కడినుంచి హైదరాబాద్‌కు తిరగడం ఆగాలంటే అక్కడ ఫీజు అడగని మంచాలు కావాలి. ఆలస్యమైనా ప్రభుత్వమే కట్టాలి.

బత్తలపల్లి, పుట్టపర్తి ఆసుపత్రులు ఏ లెక్కలోకి వస్తాయి?

అవి ప్రభుత్వానివీ కావు, కంపెనీలవీ కావు. పుట్టపర్తి దగ్గర ప్రశాంతిగ్రామంలో 1991లో తెరిచిన సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో బిల్లింగ్ కౌంటరే లేదు. బత్తలపల్లిది ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ఆసుపత్రి. 1969లో ఈ కరువు జిల్లాకు వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ పెట్టిన సంస్థ అది. ఆ చుట్టుపక్కల పల్లెల్లో కాన్పంటే బత్తలపల్లే. ఈ రెండింటికీ మనం ఎంత రుణపడి ఉన్నామో చెప్పలేను. కానీ ఇవి దాతల మీద నడుస్తాయి. విదేశీ విరాళాల అనుమతి చిక్కుల్లో పడి ఆర్‌డీటీకి ఇబ్బంది వచ్చినప్పుడు 2025లో మన జనం రోడ్డెక్కారు. ఎవరి దయ మీదా ఆధారపడని ఏర్పాటు ఎందుకు కావాలో ఆ రోజుల్లో నాకు బాగా తెలిసొచ్చింది.

హిందూపురంలో గార్మెంట్ ఫ్యాక్టరీలో పని. ఈఎస్ఐ కోస్తున్నారు. దండగా?

దండగ కాదు. ఈఎస్ఐ అంటే ప్రభుత్వం నడిపే ఉద్యోగుల బీమా. నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకు జీతంలో 0.75 శాతం కోస్తారు, యజమాని 3.25 శాతం కడతాడు. పదివేల జీతానికి మీది 75 రూపాయలు. దానికి మీకూ ఇంట్లోవాళ్లకూ వైద్యం, జబ్బు సెలవుల్లో కొంత డబ్బు, కాన్పు సెలవు జీతం ఉంటాయి. మామూలు ప్రైవేటు ఆరోగ్య పాలసీ జబ్బు చేసి ఇంట్లో ఉన్న రోజులకు కూలి ఇవ్వదు. నంబరు తీసుకుని ఇంట్లోవాళ్ల పేర్లు ఎక్కించుకున్నారో లేదో ముందు చూసుకోండి.

అమ్మకు 72 ఏళ్లు. ఏ కంపెనీ ఇవ్వదంటున్నారు.

65 దాటితే కొత్త పాలసీ ఇవ్వక్కర్లేదన్న పాత అడ్డు 2024లో తీసేశారు. అయితే ప్రీమియం చాలా ఎక్కువ చెబుతారు. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి ఎత్తేశారు, అది కొంత ఊరట. అంతకంటే ముందు చేయాల్సింది, 70 నిండినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా 2024 అక్టోబరు 29న కేంద్రం మొదలుపెట్టిన ఆయుష్మాన్ వయ వందన కార్డు. ఏడాదికి 5 లక్షలు. ఆధార్‌లో వయసు 70 నిండి ఉంటే చాలు. ప్రైవేటు పాలసీ ఉన్నా ఇది తీసుకోవచ్చు.

మీ ఇంట్లో ఏం చేశారు?

మా ఆయనకూ నాకూ పిల్లలకూ కలిపి 5 లక్షల పాలసీ ఉంది, ఏడో ఏడు నడుస్తోంది. అత్తమ్మకు వయ వందన కార్డు తీయించాం. బీపీ మాత్రలు ఆమె నెలనెలా మా వీధి చివరి పట్టణ ఆరోగ్య కేంద్రం నుంచే తెచ్చుకుంటుంది. మాత్రలు లేవని చెప్పిన నెలలో, అప్పట్లో స్పందన అనే పేరున్న ప్రభుత్వ ఫిర్యాదుల కార్యక్రమంలో అర్జీ ఇచ్చాను, తర్వాతి వారం వచ్చాయి. పాలసీ ఉన్నవాళ్లు అర్జీ ఇవ్వడం మానేస్తారు, అదే నా భయం. అందుకే మా ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా మొదటి చూపు ఆ కేంద్రంలోనే.

రాత్రిపూట ఏమైనా అయితే ముందు ఏం చేయాలి?

108. ఇన్సూరెన్స్ కార్డు వెతుక్కుంటూ కూర్చోవద్దు, అది మర్నాడు పొద్దున చూపించినా చెల్లుతుంది. అందరి ఆధార్, బియ్యం కార్డు, పాలసీ జిరాక్సులు, పాత చీటీలు, చివరి రక్తపరీక్ష, వాడుతున్న మాత్రల అట్టలు, ఇవన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. బీరువాలో తాళం వేసి పెట్టొద్దు. మా ఇంట్లో అది తలుపు వెనక కొక్కేనికి, గొడుగు పక్కన వేలాడుతూ ఉంటుంది.